1858 ఇల్లినాయిస్ ఎన్నికల ప్రచారం: స్థానిక పరిశీలకుల దృష్టిలో

అమెరికా చరిత్ర పాఠ్యపుస్తకాల్లో 1858 అనగానే అబ్రహాం లింకన్, స్టీఫెన్ డగ్లస్‌ల మధ్య జరిగిన ఏడు చర్చలు గుర్తుకు వస్తాయి. చర్చల్లో లింకన్ పేరు తెచ్చుకున్నాడని, సెనేట్ సీటు మాత్రం డగ్లస్‌కు దక్కిందని ఒక్క వాక్యంలో చెప్పి ముందుకు సాగడం రివాజు. కాంటాక్ట్ తరగతుల్లో ఈ పాఠం చెప్పినప్పుడల్లా ఎవరో ఒకరు అడుగుతారు: "వేల మంది వచ్చి విన్నారు, మెచ్చుకున్నారు అంటున్నారు కదా, మరి ఓట్లు ఎందుకు వేయలేదు?"

ప్రశ్న సబబైనదే, కాని అందులో ఒక అపోహ ఉంది. 1858 నవంబరు 2న ఇల్లినాయిస్‌లో ఒక్క ఓటరు కూడా లింకన్‌కు గాని, డగ్లస్‌కు గాని నేరుగా ఓటు వేయలేదు. ఓటు చీటీ మీద వారిద్దరి పేర్లూ లేవు. ఈ సంగతి అర్థం కావాలంటే ఆ ఎన్నికను వాషింగ్టన్ నుంచి కాక ఇల్లినాయిస్ కౌంటీల నుంచి చూడాలి. కౌంటీ అంటే మన జిల్లా వంటి పాలనా విభాగం, కాకపోతే విస్తీర్ణంలో చాలా చిన్నది. ఆ కౌంటీల్లో కూర్చుని ప్రచారాన్ని గమనించిన పత్రికా సంపాదకులు, విలేఖరులు, పార్టీ కార్యకర్తలు, ఓటుహక్కు లేని పౌరులు ఏం చూశారన్నదే ఈ వ్యాస విషయం.

చీటీ మీద లేని పేర్లు

అమెరికా కాంగ్రెస్‌లో రెండు సభలు. ప్రతినిధుల సభ సభ్యులను ప్రజలు నేరుగా ఎన్నుకుంటారు. సెనేట్ సభ్యులను మాత్రం 1913లో 17వ రాజ్యాంగ సవరణ వచ్చేదాకా రాష్ట్ర శాసనసభలే ఎన్నుకునేవి. మన రాజ్యసభ గుర్తుకు వస్తుంది కదా. పోలిక కొంతవరకే పనికొస్తుంది. మన శాసనసభ్యులు దామాషా ప్రాతినిధ్య పద్ధతిలో ఓటు వేస్తారు కాబట్టి, సభలో తక్కువ బలం ఉన్న పార్టీకి కూడా ఒక్కోసారి ఒక స్థానం దక్కుతుంది. ఇల్లినాయిస్‌లో భర్తీ చేయవలసింది ఒకే స్థానం. దిగువ సభలో 75 మంది, ఎగువ సభలో 25 మంది కలిసి కూర్చుని మెజారిటీతో తేల్చేవారు. వందలో 51 ఎవరివైతే సీటు వారిది.

ఆ ఏడాది నవంబరులో దిగువ సభ మొత్తానికీ ఎన్నిక జరిగింది. ఎగువ సభ సభ్యుల పదవీకాలం నాలుగేళ్లు, వారిలో 12 స్థానాలకే ఎన్నిక. మిగిలిన 13 మంది అంతకుముందే గెలిచి కొనసాగుతున్నవారు. ఆ 13 మందిలో 8 మంది డెమోక్రాట్లు, 5 మంది రిపబ్లికన్లు. ప్రచారం మొదలుకాక ముందే డగ్లస్ మూడు అడుగులు ముందున్నాడన్నమాట. ఈ అంకెలను గుర్తుంచుకోండి, చివర్లో వీటితో పని పడుతుంది.

అదే రోజు అదే చీటీతో ఓటర్లు రాష్ట్ర కోశాధికారిని, ప్రజావిద్య సూపరింటెండెంటును, తొమ్మిది నియోజకవర్గాల నుంచి ప్రతినిధుల సభ సభ్యులను కూడా ఎన్నుకున్నారు. చీటీలను ప్రభుత్వం అచ్చు వేసేది కాదు, పార్టీలే తమ అభ్యర్థుల పేర్లతో అచ్చు వేయించి పంచేవి. ఓటరు ఏ పార్టీ కార్యకర్త చేతిలోంచి చీటీ తీసుకున్నాడో ఊరంతా చూస్తుండేది. ప్రభుత్వమే బ్యాలెట్ ముద్రించే రహస్య ఓటింగ్ అమెరికా రాష్ట్రాల్లో 1888 తరువాతే వ్యాపించింది.

సెనేట్ అభ్యర్థి ఎవరో శాసనసభ ఎన్నికకు ముందే ప్రకటించే ఆనవాయితీ అప్పట్లో లేదు. 1858 జూన్ 16న స్ప్రింగ్‌ఫీల్డ్‌లో జరిగిన రిపబ్లికన్ మహాసభ ఆ ఆనవాయితీని దాటి, తమ అభ్యర్థి లింకనేనని తీర్మానించింది. తూర్పు రాష్ట్రాల రిపబ్లికన్ పెద్దలు కొందరు డగ్లస్ పట్ల మెత్తబడటమే దీనికి ఒక కారణం. ఎక్కడో న్యూయార్క్‌లో కూర్చుని మా అభ్యర్థిని మీరెలా తేలుస్తారన్న స్థానిక కార్యకర్తల కోపం ఆ తీర్మానంలో ఉంది. దాంతో రాష్ట్ర శాసనసభ ఎన్నిక కాస్తా ఇద్దరు వ్యక్తుల పోటీగా మారిపోయింది.

ఒక రాష్ట్రంలో మూడు ప్రాంతాలు

ఇల్లినాయిస్ ఉత్తర దక్షిణాలుగా సుమారు 600 కిలోమీటర్ల పొడవున సాగిన రాష్ట్రం. దక్షిణ కొనలో కెంటకీ, టెనెస్సీ, వర్జీనియాల నుంచి వచ్చి స్థిరపడ్డ రైతులు ఎక్కువ. ఆ ప్రాంతాన్ని 'ఈజిప్ట్' అని పిలిచేవారు, అక్కడి ఒక పట్టణం పేరు కైరో కూడా. అది డెమోక్రాట్ల కంచుకోట. ఉత్తరాన న్యూ ఇంగ్లండ్, న్యూయార్క్‌ల నుంచి వచ్చినవారు, జర్మన్ వలసదారులు స్థిరపడ్డారు. చికాగో నగరం 1850లో సుమారు 30 వేల జనాభాతో ఉండి, 1860 నాటికి లక్ష దాటింది. ఈ ప్రాంతం కొత్త రిపబ్లికన్ పార్టీది. రెండింటి మధ్య ఉన్న కౌంటీలు అటూ ఇటూ కానివి. అక్కడ పాత విగ్ పార్టీ ఓటర్లు చాలామంది. వారి పార్టీ కూలిపోయింది. బానిసత్వ విస్తరణ వారికి నచ్చదు, తీవ్రవాద బానిసత్వ వ్యతిరేకులన్నా వారికి భయమే. లింకన్ స్వయంగా పాత విగ్, అతని ఊరు స్ప్రింగ్‌ఫీల్డ్ ఉన్నది కూడా ఈ మధ్య ప్రాంతంలోని సాంగమన్ కౌంటీలోనే. ఎన్నిక తేలేది ఇక్కడేనని రెండు పార్టీల కార్యకర్తలకూ తెలుసు.

పోటీకి మూలం తెలిసిందే. 1820 నాటి మిస్సోరి రాజీ ఉత్తరపు భూభాగాల్లో బానిసత్వాన్ని నిషేధించింది. 1854లో డగ్లస్ తెచ్చిన కాన్సస్-నెబ్రాస్కా చట్టం ఆ నిషేధాన్ని రద్దు చేసి, నిర్ణయాన్ని అక్కడి స్థిరనివాసులకు వదిలింది. 1857లో డ్రెడ్ స్కాట్ కేసులో సుప్రీంకోర్టు, భూభాగాల్లో బానిసత్వాన్ని నిషేధించే అధికారం కాంగ్రెస్‌కు లేదన్నది. అదే ఏడాది చివర కాన్సస్‌పై రుద్దబోయిన లెకాంప్టన్ రాజ్యాంగం విషయంలో డగ్లస్ సొంత పార్టీ అధ్యక్షుడు బుకానన్‌తోనే తెగతెంపులు చేసుకున్నాడు.

ఈ తగాదా కౌంటీ స్థాయిలో ఎలా కనిపించిందన్నది ఆసక్తికరం. ఆనాడు చిన్న ఊళ్లో పోస్ట్‌మాస్టరు పదవి అంటే పార్టీ ఇచ్చే పదవి, పార్టీ పత్రికలు ఇంటింటికీ చేరేది అతని చేతుల మీదుగానే. బుకానన్ ప్రభుత్వం డగ్లస్ మనుషులైన పోస్ట్‌మాస్టర్లను తొలగించి తనవారిని కూర్చోబెట్టింది. వారంతా కలిసి వేరుగా అభ్యర్థులను నిలబెట్టారు. ప్రత్యర్థులు వారికి 'డేనైట్లు' అని పేరు పెట్టారు. రిపబ్లికన్లే వారిని వెనకనుంచి ఎగదోస్తున్నారని డగ్లస్ ఊరూరా ఆరోపించాడు.

ఏడు ఊళ్లు ఎందుకు?

జూలై 9న డగ్లస్ చికాగోలో ట్రెమాంట్ హౌస్ హోటల్ బాల్కనీ నుంచి మాట్లాడాడు. లింకన్ అక్కడే ఉండి విన్నాడు, మర్నాడు సాయంత్రం అదే చోట జవాబు చెప్పాడు. స్ప్రింగ్‌ఫీల్డ్‌లోనూ ఇద్దరూ ఒకేరోజు మాట్లాడారు. సొంతంగా జనాన్ని రాబట్టలేక లింకన్ మా సభల వెంట తిరుగుతున్నాడని డెమోక్రాటిక్ పత్రికలు ఎగతాళి చేశాయి. అప్పుడే లింకన్ ఉమ్మడి చర్చలకు సవాలు విసిరాడు. కాంగ్రెస్ నియోజకవర్గాలు తొమ్మిది, రెండింటిలో ఇప్పటికే మాట్లాడాం కాబట్టి మిగిలిన ఏడింటిలో ఒక్కో చర్చ చాలునన్నాడు డగ్లస్. ఆ విధంగా అటావా, ఫ్రీపోర్ట్, జోన్స్‌బరో, చార్ల్‌స్టన్, గేల్స్‌బర్గ్, క్విన్సీ, ఆల్టన్ అనే ఏడు ఊళ్లు ఖరారయ్యాయి. ఆగస్టు 21న మొదలై అక్టోబరు 15న ముగిశాయి. మొదటి వక్తకు గంట, రెండో వక్తకు గంటన్నర, మళ్లీ మొదటివారికి అరగంట. మైకు లేని కాలంలో, ఆరుబయట మూడేసి గంటలు!

డగ్లస్ ప్రత్యేక రైలుపెట్టెలో ప్రయాణించేవాడు. వెనక ఒక బల్లబండి మీద ఫిరంగి ఉండేది, ఊరు దగ్గర పడగానే పేల్చేవారు. లింకన్ మామూలు ప్రయాణికుల రైళ్లలో తిరిగేవాడు. అటావాకు జనం ప్రత్యేక రైళ్లలో, కాలువ పడవల్లో, గుర్రపు బళ్లలో వచ్చారు. చార్ల్‌స్టన్ ఊరేగింపులో ఒక పెద్ద బండి మీద 32 రాష్ట్రాలకు గుర్తుగా 32 మంది యువతులు కూర్చున్నారు. వెనక గుర్రం మీద కాన్సస్ పేరుతో మరో యువతి. వారిలో ఎవరికీ ఓటు లేదన్నది వేరే సంగతి. దక్షిణాన జోన్స్‌బరోలో మాత్రం జనం రెండు వేలైనా లేరు. సభకు వచ్చిన జనాన్ని చూసి ఫలితాన్ని ఊహించే అలవాటు మనకూ ఉంది. దానికి ఇల్లినాయిస్ మంచి విరుగుడు.

ఫ్రీపోర్ట్‌లో లింకన్ వేసిన ప్రశ్న ప్రసిద్ధం. డ్రెడ్ స్కాట్ తీర్పు తరువాత కూడా ఒక భూభాగ ప్రజలు బానిసత్వాన్ని చట్టబద్ధంగా దూరం పెట్టగలరా? పెట్టగలరు, దానికి రక్షణ ఇచ్చే స్థానిక చట్టాలు చేయకపోతే చాలు, అన్నాడు డగ్లస్. ఈ జవాబు 1860లో దక్షిణాది రాష్ట్రాల్లో అతనికి నష్టం చేసింది. 1858లో ఇల్లినాయిస్‌లో మాత్రం మధ్యేమార్గం వెతుక్కుంటున్న ఓటరుకు అది నచ్చే జవాబే. ఒకే మాట రెండు చోట్ల రెండు విధాలుగా పనిచేసింది.

ఒకే సభ, రెండు వార్తలు

ఈ ఎన్నికకు మనకున్న ప్రధాన ఆధారాలు పత్రికలు. చికాగో 'ప్రెస్ అండ్ ట్రిబ్యూన్' రిపబ్లికన్ పత్రిక, చికాగో 'టైమ్స్' డగ్లస్ పక్షపు పత్రిక. రెండూ షార్ట్‌హ్యాండ్ తెలిసినవారిని వేదిక మీద కూర్చోబెట్టి ప్రసంగాలను పూర్తిగా రాయించాయి. ఒక రాష్ట్ర ప్రచారాన్ని మాట మాటగా నమోదు చేయడం అప్పటికి కొత్త. 'ప్రెస్ అండ్ ట్రిబ్యూన్' తరఫున రాసిన యువకుడు రాబర్ట్ హిట్ తరువాతి కాలంలో తానే ఇల్లినాయిస్ నుంచి కాంగ్రెస్‌కు ఎన్నికయ్యాడు.

మాట మాటగా అన్నంత మాత్రాన నిష్పాక్షికం అనుకోవద్దు. 'టైమ్స్'లో లింకన్ వాక్యాలు కుంటుతూ నడుస్తాయి, డగ్లస్ వాక్యాలు నిగనిగలాడతాయి. 'ప్రెస్ అండ్ ట్రిబ్యూన్'లో వరస తిరగబడుతుంది. అటావా సభ ముగిశాక జరిగింది చూడండి. అభిమానులు లింకన్‌ను భుజాల మీద ఎత్తుకుని తీసుకెళ్లారు. రిపబ్లికన్ పత్రికకు అది జయజయధ్వానాల ఊరేగింపు. 'టైమ్స్'కు మాత్రం, డగ్లస్ ధాటికి కాళ్లు ఆడని మనిషిని మోసుకుపోవలసి వచ్చిన దృశ్యం. డగ్లస్ ఆ కథనాన్ని తరువాతి సభల్లో తానే చెప్పుకున్నాడు. భుజాల మీద మోశారన్నది మాత్రం రెండు వైపులా ఒప్పుకున్న విషయం. చరిత్ర విద్యార్థి ముందుగా పట్టుకోవలసింది శత్రువులిద్దరూ ఒప్పుకున్న ఆ ముక్కనే.

స్థానిక జ్ఞాపకం పనికొచ్చిన సందర్భం కూడా అటావాలోనే ఉంది. 1854లో స్ప్రింగ్‌ఫీల్డ్ సభలో రిపబ్లికన్లు ఆమోదించిన తీవ్ర తీర్మానాలు ఇవీ అంటూ డగ్లస్ కొన్నిటిని చదివి, లింకన్‌ను ఇరుకున పెట్టాడు. లింకన్ వెంటనే గట్టిగా తిప్పికొట్టలేకపోయాడు. ఆ తీర్మానాలు స్ప్రింగ్‌ఫీల్డ్‌వి కావు, ఉత్తరాన కేన్ కౌంటీలోని అరోరాలో జరిగిన వేరొక సభవి అని 'ప్రెస్ అండ్ ట్రిబ్యూన్' బయటపెట్టింది. డగ్లస్‌కు ఆ సమాచారం అందించింది స్ప్రింగ్‌ఫీల్డ్ సంపాదకుడు చార్లెస్ లాన్‌ఫియర్. జాతీయ స్థాయి నాయకుడి వాదన ఒక కౌంటీ సభ ఎక్కడ జరిగిందన్న చిన్న వివరం దగ్గర చిక్కుకుంది. ఆరు రోజుల తరువాత ఫ్రీపోర్ట్‌లో లింకన్ దాన్ని పూర్తిగా వాడుకున్నాడు.

లింకన్ ఈ పత్రికల కత్తిరింపులను ఒక పుస్తకంలో అంటించుకున్నాడు. తన ప్రసంగాలకు 'ప్రెస్ అండ్ ట్రిబ్యూన్' పాఠం, డగ్లస్ ప్రసంగాలకు 'టైమ్స్' పాఠం తీసుకున్నాడు. 1860లో ఒహాయో రాష్ట్రంలోని కొలంబస్‌లో అది పుస్తకంగా అచ్చయింది. ఎవరి మాటలను వారి మిత్రపత్రిక నుంచి తీసుకోవడం న్యాయంగానే కనిపిస్తుంది. కాని రెండు వైపులా మిత్రులు సరిదిద్దిన పాఠమే అలా మనకు మిగిలింది. ప్రత్యర్థి పత్రిక రాసుకున్న పాఠాలను పక్కన పెట్టుకుని చదివే పని చాలాకాలం ఎవరూ చేయలేదు. 1993లో హెరాల్డ్ హోల్జర్ ఆ పాఠాలను పుస్తకంగా తెచ్చాడు.

మీ ప్రగతిని సరిచూసుకోండి: అటావా సభ ముగింపును వర్ణించిన రెండు కథనాల్లో ఏది వాస్తవం, ఏది వ్యాఖ్య? మూడు వాక్యాల్లో రాయండి.

లెక్క ఎక్కడ తేలింది?

అక్టోబరులో మధ్య కౌంటీల్లో గాలి మారింది. కెంటకీ సెనేటరు జాన్ క్రిటెండెన్ పాత విగ్గులకు పూజనీయుడు. డగ్లస్ మళ్లీ గెలవడమే మేలన్న అభిప్రాయంతో అతను రాసిన ఉత్తరం ఎన్నికకు కొద్ది రోజుల ముందు పత్రికలకు ఎక్కింది. అదే సమయంలో రిపబ్లికన్లకు ఇంకో భయం పట్టుకుంది. రైలుమార్గాల పనులు చేసే ఐరిష్ కూలీలను పోటాపోటీగా ఉన్న కౌంటీలకు తరలించి దొంగ ఓట్లు వేయిస్తారని. ఒక స్టేషన్లో సంచులు పట్టుకున్న ఐరిష్‌వారు పదిహేను మంది కనిపించారని లింకన్ తన పార్టీ అధ్యక్షుడికి రాసిన ఉత్తరం ఉంది. ఐరిష్ వలసదారులంటే ఆనాటి రిపబ్లికన్లలో చాలామందికి ఉన్న చులకన భావం కూడా ఇందులో కలిసి ఉందని మరవకూడదు.

ఫలితాలు ఇవి. రాష్ట్రమంతటికీ ఒకే పోటీ అయిన కోశాధికారి ఎన్నికలో రిపబ్లికన్‌కు 1,25,430 ఓట్లు, డగ్లస్ పక్షపు డెమోక్రాట్‌కు 1,21,609, బుకానన్ పక్షపు అభ్యర్థికి 5,071. ప్రతినిధుల సభకు రిపబ్లికన్లు 4, డెమోక్రాట్లు 5 స్థానాలు గెలిచారు. రెండేళ్ల క్రితం, అంటే 1856లో, ఇదే 4, 5. ఫిరంగులు మోగాయి, ఏడు ఊళ్లలో ఇరవై ఒక్క గంటల ప్రసంగాలు సాగాయి, కాంగ్రెస్ స్థానాల లెక్కలో మాత్రం ఒక్క అంకె కదలలేదు. లింకన్ సొంత సాంగమన్ కౌంటీలో డెమోక్రాట్లే నెగ్గారు. 1859 జనవరి 5న రాష్ట్ర శాసనసభ డగ్లస్‌ను 54కు 46 ఓట్లతో ఎన్నుకుంది.

రాష్ట్రంలో ఎక్కువ ఓట్లు వచ్చి కూడా ఓడిపోవడానికి నియోజకవర్గాల విభజనే కారణమని రిపబ్లికన్ పత్రికలు గోల పెట్టాయి. విభజన 1850 జనాభా లెక్కల మీద ఆధారపడింది. అప్పుడు రాష్ట్ర జనాభా 8,51,470, 1860 నాటికి 17,11,951. పెరుగుదలలో పెద్ద భాగం ఉత్తరానిది, స్థానాలు మాత్రం పాత లెక్కలోనే ఉన్నాయి. మాటలో నిజం ఉంది. అందులో ఒక వింత కూడా ఉంది. 1857లో డెమోక్రాట్లు కొత్త విభజన బిల్లు ఒకటి ఆమోదించారు. రిపబ్లికన్ గవర్నరు విలియం బిస్సెల్ దాని మీద పొరపాటున సంతకం చేసి, వెంటనే వెనక్కి తీసుకున్నాడు. ఆ బిల్లు తమకు ఇంకా నష్టమని రిపబ్లికన్ల లెక్క. అలా పాత విభజనే మిగిలింది.

కాని విభజన ఒక్కటే లింకన్‌ను ఓడించిందా? మనమే లెక్క వేసి చూద్దాం. ఆ ఏడాది ఎన్నికైనవారు 87 మంది. కోశాధికారి ఓట్ల నిష్పత్తిలో రెండు పెద్ద పార్టీలకు ఆ స్థానాలు పంచితే రిపబ్లికన్లకు 44, డెమోక్రాట్లకు 43 వస్తాయి. నిజంగా వచ్చినవి 41, 46. ఇప్పుడు కొనసాగుతున్న 13 మందిని కలపండి. రిపబ్లికన్లు 44, 5 కలిపి 49. డెమోక్రాట్లు 43, 8 కలిపి 51. ఓట్లకు సరిపడా స్థానాలు వచ్చినా డగ్లసే గెలిచేవాడు, ఇద్దరు సభ్యుల తేడాతో. నియోజకవర్గ ఎన్నికలు ఇలా నిష్పత్తిలో నడవవు కాబట్టి దీన్ని ఊహాలెక్కగానే తీసుకోవాలి. అయినా రిపబ్లికన్ సంపాదకుల ఫిర్యాదు సగం నిజమేనని ఇది చూపిస్తుంది. మిగతా సగం రెండేళ్ల క్రితం జరిగిన ఎగువ సభ ఎన్నికల్లోను, మధ్య కౌంటీల పాత విగ్గుల మనసుల్లోను ఉంది.

ఓటు లేని పరిశీలకుడు

ఈ ఎన్నికలో ఇద్దరూ మాట్లాడింది నల్లజాతివారి గురించే, ఓటు ఉన్నది తెల్లజాతి పురుషులకే. ఇల్లినాయిస్ బానిసత్వం లేని రాష్ట్రమే. అయితే 1853 నాటి చట్టం ప్రకారం బయటి నల్లజాతి వ్యక్తి వచ్చి పది రోజులకు మించి ఉంటే 50 డాలర్ల జరిమానా. కట్టలేకపోతే, ఆ సొమ్ము కట్టేవారికి వేలంలో కొంతకాలం చాకిరీకి అప్పగించేవారు. తెల్లవారికి వ్యతిరేకంగా నల్లవారు కోర్టులో సాక్ష్యం చెప్పడానికి వీల్లేదు. 1853 చట్టానికి ముందుండి నడిచిన జాన్ లోగన్ 1858లో ఈజిప్ట్ ప్రాంతం నుంచే కాంగ్రెస్‌కు ఎన్నికయ్యాడు.

డగ్లస్ ప్రతి సభలోనూ జాతి భయాన్ని రెచ్చగొట్టాడు. చార్ల్‌స్టన్‌లో లింకన్ తన ప్రసంగం మొదట్లోనే, నల్లవారికి ఓటుహక్కు గాని, జ్యూరీలో స్థానం గాని, తెల్లవారితో వివాహ హక్కు గాని ఇవ్వాలన్నది తన ఉద్దేశం కాదని చెప్పాడు. చార్ల్‌స్టన్ మధ్య కౌంటీల్లోదే, పాత విగ్గుల ఊరు. అక్కడ అలా, ఉత్తరాన ఇంకోలా మాట్లాడుతున్నాడని డగ్లస్ గేల్స్‌బర్గ్‌లో ఎత్తిపొడిచాడు. స్వేచ్ఛా ప్రకటనలోని సమానత్వం నల్లవారికీ వర్తిస్తుందని, తన కష్టార్జితం తినే హక్కులో అందరూ సమానమని లింకన్ మొదటి నుంచి అన్న మాట నిజమే. చార్ల్‌స్టన్ మాటా అంతే నిజం. ఆయన్ను ఆరాధించే పుస్తకాలు రెండోదాన్ని త్వరగా దాటేస్తాయి. అది ఓట్ల కోసం అన్న మాట అని సమర్థించేవారు, ఆ ఓట్లు కూడా రాలేదని గమనించాలి.

చికాగోలో హెచ్. ఫోర్డ్ డగ్లస్ అనే నల్లజాతి వక్త ఉండేవాడు. వర్జీనియాలో బానిసగా పుట్టి తప్పించుకున్నవాడు. సాక్ష్య నిషేధ చట్టాన్ని రద్దు చేయాలని ఇల్లినాయిస్ అంతా తిరిగి సంతకాలు సేకరించాడు. లింకన్‌ను, మరో రిపబ్లికన్ నాయకుడైన సెనేటరు లైమన్ ట్రంబుల్‌ను అడిగితే ఇద్దరూ సంతకం పెట్టలేదని 1860 జూలై 4న మసాచుసెట్స్‌లోని ఫ్రేమింగ్‌హామ్ సభలో చెప్పాడు. చర్చల నమోదులో ఈ సంగతి ఎక్కడా కనిపించదు. రెండు పత్రికల్లో దేనికీ అది వార్త కాదు.

ఆ చట్టాలు అంతర్యుద్ధం చివరిదాకా అలాగే ఉన్నాయి. చికాగోలో దర్జీగా స్థిరపడిన నల్లజాతి నాయకుడు జాన్ జోన్స్ ఏళ్ల తరబడి చేసిన పోరాటం తరువాత 1865లో ఇల్లినాయిస్ శాసనసభ వాటిని రద్దు చేసింది. అదే ఏడాది ఫిబ్రవరి 1న, బానిసత్వాన్ని నిషేధించిన 13వ సవరణను అన్ని రాష్ట్రాల కంటే ముందు ఆమోదించిందీ ఇదే శాసనసభ. ఇల్లినాయిస్ నల్లజాతి పురుషులకు ఓటు 1870లో 15వ సవరణతో వచ్చింది. మరుసటి ఏడాది జాన్ జోన్స్ చికాగో ఉన్న కుక్ కౌంటీ బోర్డుకు సభ్యుడిగా ఎన్నికయ్యాడు.